నేను మూసిన నోరు

ఒక ఆయిల్ పెయింటింగ్‌లో బార్లా తెరుచుకుని ఉన్న నా నోటిని, నా చేత్తో నేనే, పావు అంగుళం బ్రష్షుతో మూసేశాను. గీసినావిడ ఇంట్లో లేని సమయం చూసి, ఆవిడ రంగులే వాడి, ఆవిడ ఆప్రాన్ కట్టుకుని మరీ చేశాను ఆ పని. లెక్కల మాస్టారు మొదలుకొని మా ఆవిడ దాకా జీవితంలో చాలామంది నన్ను నోరు మూసుకోమన్నారు. వాళ్ళెవరి మాటా వినని నేను, ఎవరూ అడక్కుండా మూసుకున్నది ఆ ఒక్కసారే. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో మనిషికి తన తెలివితక్కువతనం తెలివిగానే కనిపిస్తుంది. నాకైతే ఏకంగా కళాసేవలా కనిపించింది.

ఆ బొమ్మే పోయిన నెల చెక్కపెట్టెలో ఫ్రీమాంట్‌లోని మా ఇంటికి వచ్చింది. పంపింది లలిత, శాన్ రామన్‌లో ఉంటుంది. వాళ్ళమ్మ వైదేహి గారు దేశానికి అవతలి అంచున క్యారీలో కన్నుమూసి అప్పటికి మూడు వారాలు. "గరాజ్ ఖాళీ చేస్తుంటే దొరికింది మూర్తిగారూ. వెనకాల తెలుగులో ఏదో రాసుంది, నాకు చదవడం రాదు కదా. బట్ ఫేస్ మీదే, ఐ థింక్. కొంచెం... యు నో," అంది ఫోన్‌లో. "తెలుసమ్మా," అన్నాను. పెట్టె వచ్చాక రెండు రోజులు దాన్ని గోడకి ఆనించి వదిలేశాను, స్క్రూడ్రైవర్ కనిపించడం లేదని ఇంట్లో చెప్పి. స్క్రూడ్రైవర్ నా జేబులోనే ఉంది.

అమెరికాలో నా తొలి కాపురం క్యారీలో, వైదేహి గారి గరాజ్ మీది గదిలో. కాపురం అంటే నేనూ, ఒక పరుపూ, ఒక కంప్యూటరూ. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన ఏడాదికే భర్త రంగనాథం గారు లివర్ జబ్బుతో పోయారు. ఆ తర్వాత ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో పెయింటింగ్ క్లాసులో చేరారు. టీచరు బల్ల మీద మూడు నారింజ పళ్ళూ ఒక కూజా పెట్టి గీయమంటే, ఈవిడ కూజాకి కూడా రంగనాథం గారి కళ్ళు పెట్టారట. కంటికి కనిపించేది వదిలేసి లోపల ఉడికేదాన్ని మొహం మీదికి తెచ్చి గీయడాన్ని ఎక్స్‌ప్రెషనిజం అంటారని ఆ టీచరే చెప్పిందట. "అప్పటిదాకా పిచ్చేమో అనుకున్నానయ్యా. పేరున్న జబ్బేనని తెలిశాక కాస్త కుదుటపడ్డాను," అనేవారు.

ఆవిడ స్టూడియో నా గది కింది గరాజే. కారు బయట ఎండలో ఉండేది, రంగనాథం గారు లోపల నీడలో ఉండేవారు. పదకొండు కాన్వాసులు, పదకొండు రంగనాథాలు. ఒకదాంట్లో పసుపుపచ్చ మొహం, ఒకదాంట్లో ఊదా పెదవులు, ఒకదాంట్లో మొహమే లేదు, దిండు మీద పడ్డ గుంట మాత్రం ఉంది. రంగు బ్రష్షుతో కంటే కత్తితో ఎక్కువ పూసేవారు, రొట్టెకి వెన్న రాసినట్టు. చలికాలంలో బయటి కరివేపాకు కుండీలు కూడా గరాజ్‌లోకే వచ్చేవి. అందుకని నా గదిలోకి మెట్ల మీదుగా రంగులు పల్చన చేసే టర్పెంటైన్ వాసన, కరివేపాకు వాసన, వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన కలిసి ఎక్కివచ్చేవి. వసంతంలో గరాజ్ తలుపు తీసి ఉంచితే పైన్ చెట్ల పుప్పొడి పసుపుగా ఎగిరొచ్చి తడి మొహాలకి అంటుకునేది. ఆవిడ తుడిచేవారు కాదు. "ఆయనకి ఎలర్జీ. బతికుంటే ఈపాటికి తుమ్మేవారు," అని, నిజంగానే తుమ్ము కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ కత్తి తీసుకునేవారు. స్టీలు గ్లాసులో కాఫీ, పక్కనే స్టీలు గ్లాసులో టర్పెంటైన్. ఆవిడ బ్రష్షు కాఫీలో ముంచడం నేను చాలాసార్లు చూశాను. ఆ రెండో గ్లాసు ఎత్తి తాగకుండా కాపాడటం అద్దెకున్న నా బాధ్యత అని నాకు నేనే అనుకునేవాణ్ని.

ఇక నా కళ సంగతి. తెనాలిలో మా మేనమామకి ఫొటో స్టూడియో ఉండేది. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలూ మచ్చలూ మాయం చేసే టచప్ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. క్యారీకి వచ్చాక అదే పని కంప్యూటర్లో చేసేవాణ్ని. ఇండియాలో ఎవరైనా పోతే, పదకొండో రోజుకి దండ వేయడానికి పటం కావాలి కదా. ఇక్కడున్న కొడుకో కూతురో స్కాన్ చేసిన ఓ పెళ్ళి గ్రూపు ఫొటో నాకు పంపేవాళ్ళు. అందులోంచి పోయినవాళ్ళని కత్తిరించి, పక్కవాళ్ళ మోచేతులు చెరిపి, మూసుకున్న కళ్ళు తెరిపించి, తెరుచుకున్న నోరు మూయించి, వెనకాల లేత నీలం ఆకాశం పరిచి తిప్పి పంపేవాణ్ని. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ నా నంబరు తెలుసు. పుట్టినరోజుకి పిలవడం మర్చిపోయేవాళ్ళు గానీ పోయినరోజు మర్చిపోయేవాళ్ళు కాదు. వైదేహి గారు నాకు 'ఇస్త్రీ డాక్టరు' అని పేరు పెట్టారు. "నేను మనుషులకి మత్తు ఇచ్చాను, నువ్వు ఫొటోలకి ఇస్తున్నావు," అనేవారు.

ఒక ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ షూ లేసు కట్టుకుంటుంటే బావ ఫోన్ చేశాడు. మా విజయక్క పోయింది. నాలుగు రోజుల జ్వరం. ముప్పై మూడేళ్ళు. ఫోన్ పెట్టేసి రెండో షూ లేసు కూడా కట్టుకున్నాను. అప్పటికి నా వీసా ట్రాన్స్‌ఫర్ నడుస్తోంది. "యు కెన్ గో. కమింగ్ బ్యాక్, ఐ కాంట్ ప్రామిస్," అన్నాడు లాయరు. వెళ్ళనివ్వలేదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను గానీ, నన్నెవరూ ఆపలేదు. తిరిగి రాలేనేమోనన్న భయంతో నేనే ఆగాను. సాయంత్రం బావ మళ్ళీ చేశాడు. "ఒరే మూర్తీ, రాలేవని తెలుసులేరా. అందరికీ చేసిపెడతావట కదా, మీ అక్క పటం మాత్రం నువ్వే చేసి పంపు," అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ నాకు తేలలేదు.

నా దగ్గరున్న వాటిలో మంచి ఫొటో పెదనాన్న గారి గృహప్రవేశంలో తీసింది. అక్క నోరంతా తెరిచి నవ్వుతోంది. పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది, అది కనిపిస్తోంది. నేను పక్కనే నిలబడి దాని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాను. నేనేదో అన్నాను, అందుకే అది అలా నవ్వింది. ఏమన్నానో ఎంత తలచుకున్నా గుర్తు రాదు. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ ఫొటో చేశాను. మూసిన పెదవులు వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించాను. భుజం మీది నా చేతిని చెరిపి, ఆ ఖాళీలో పట్టుచీర అంచు పక్కనుంచి తెచ్చి పరిచాను. అంచు మీద మామిడిపిందెలు. ఒక పిందె రెండుసార్లు పడింది, ఒకే వంపు, ఒకే జరీ పోగు, పక్కపక్కనే. చూసేవాళ్ళకి తెలియదు. పటం చూసి బావ "అచ్చం దేవతలా ఉందిరా" అన్నాడు. ఆఫీసుకి ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఏడుపు రాలేదు. పని బాగా వచ్చింది.

ఆ శనివారం గరాజ్‌లోకి లాప్‌టాప్ పట్టుకెళ్ళి వైదేహి గారికి పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. చావు కబురు అలాగే చెప్పాను ఆవిడకి, పనితనం చూపిస్తూ. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఈ భుజం మీద చెయ్యి ఎవరిది?"

"నాదేనండీ."

"తీసేశావేం?"

"పటంలో ఇంకొకళ్ళ చెయ్యి ఉంటే బాగోదు కదండీ."

"పక్కున నవ్వుతున్న పిల్ల నోరెందుకు మూశావు?"

"దండ వేసిన ఫొటోలో పళ్ళు కనిపిస్తే ఏం బావుంటుంది ఆంటీ?"

ఆవిడ కత్తికున్న రంగు తుడిచారు. "వచ్చే శనివారం నుంచి నువ్వొచ్చి ఆ స్టూలు మీద కూర్చో. నీ బొమ్మ వేస్తాను," అన్నారు.

నా మూర్ఖత్వం ఎంత గొప్పదంటే, అది నా మీది ముచ్చట అనుకున్నాను. సంబంధాలు చూస్తున్న రోజులు. ఫొటో బదులు ఆయిల్ పోర్ట్రెయిట్ పంపితే పిల్ల తరఫువాళ్ళు నా అందానికి దడుసుకుంటారనుకున్నాను. నీలం చొక్కా కొన్నాను. ఆరు శనివారాలు కరివేపాకు కుండీకీ పదకొండు రంగనాథాలకీ మధ్య తల దువ్వుకుని కూర్చున్నాను.

"నవ్వకు. నవ్వితే నీ మొహం దొరకడం లేదు," అనేవారు. "అక్కని ఏమని పిలిచేవాడివి?"

"అక్కాయ్ అని. కోపం వస్తే పన్నుమీద పన్ను అని."

"ఇప్పుడు కోపంగా ఉందా?"

"ఎవరి మీదండీ?"

"అదే అడుగుతున్నాను."

నేనొక జోకు వేసేవాణ్ని. ఆవిడ వినేవారు కాదు. ఒకసారి మాత్రం బ్రష్షు ఆపి అన్నారు: "ముప్పై ఏళ్ళు మత్తులో ఉన్న మొహాలే చూశాను మూర్తీ. జనం నొప్పి పోయిందనుకుంటారు. ఎక్కడికీ పోదు, మొహం ఖాళీ చేసి లోపలికి దిగుతుంది అంతే. ఆయన పోయినప్పుడు అందరూ నన్ను చూసి ఎంత నిబ్బరంగా ఉందో అన్నారు. నిబ్బరం కాదు, నాకు నేనే ఇచ్చుకున్న డోసు. ఇక ఎవరికీ ఇవ్వను."

ఏడో శనివారం బొమ్మ చూపించారు. నీలం చొక్కా లేదు. నాచు రంగు మొహం, ఒకదానికొకటి పొంతన లేని కళ్ళు. ఇటుక రంగులో బండెడు చెయ్యి ఒకటి ఛాతీ ముందు గాల్లో చాచి ఉంది, దేని మీద వాలాలో తెలియనట్టు. మొహంలో సగం నోరే. లోపల ఎరుపు, నలుపు, తెలుపు వేలెడు మందాన గడ్డకట్టి, ఎవరో గొంతులోంచి చెయ్యి పెట్టి తెరిచినట్టు ఉంది. ఆ నోట్లోకి నేను రెండు క్షణాలకి మించి చూడలేదు. "బాగుందండీ," అన్నాను, పొరపాటున పక్కింట్లోకి వెళ్ళినవాడు "సారీ" అన్నట్టు.

దానితో ఒక ఇంట్లో ఉండటం కష్టమైంది. ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే కింద అది అరుస్తున్నట్టే ఉండేది, శబ్దం లేకుండా. టీవీ పెట్టుకున్నా ఆ నిశ్శబ్దం వినిపించేది. అంతలో వైదేహి గారు మొదటిసారి తన బొమ్మలు అందరికీ చూపిస్తానని, ఆదివారం లంచ్‌కి ఓ ముప్పైమందిని పిలిచారు. శనివారం ఆవిడ కూరగాయలకి మోరిస్‌విల్ వెళ్ళిన గంటన్నరలో నేను ఆప్రాన్ కట్టుకున్నాను. నా పని నేను చేశాను, అంతే. తెరిచిన నోరు మూయడం నాకు చేతనైన విద్య. నాచు రంగు కలిపి, మందంగా ఉంటే దొరికిపోతానని టర్పెంటైన్ ధారగా పోసి పల్చన చేసి, ఒకటికి మూడు పూతలు వేసి, పైన సన్నటి పెదవులు దిద్దాను. చిరునవ్వు కూడా పెడదామనుకున్నాను గానీ అప్పటికే గంటన్నర కావస్తోంది.

ఆవిడ సంచులతో వచ్చి, సొరకాయ చేతిలో ఉండగానే బొమ్మ ముందు ఆగిపోయారు. నేను మెట్ల మీద ఉన్నాను. ఆవిడ వేలితో నోటి అంచు తాకి చూసుకున్నారు.

"టర్పెంటైన్ బాగా కలిపావా?"

"కలిపానండీ. పల్చగా రావాలని."

"ఊఁ." అంతే. నవ్వారు. సొరకాయ నా చేతికిచ్చి తొక్క తీయమన్నారు. క్షమించారనుకుని, ఆ సొరకాయని నా మొహం కంటే నున్నగా చేసిపెట్టాను.

మర్నాడు జనం ప్లేట్లు పట్టుకుని బొమ్మల ముందు నిలబడ్డారు. ఏమనాలో తెలియక అందరూ పప్పు బాగుందన్నారు. మా ఆఫీసు ప్రసాద్ ఉండబట్టలేక, "ఏంటాంటీ, అంకుల్‌కి కామెర్లొచ్చాయా, ఇంత పసుపు కొట్టారు?" అన్నాడు.

"కామెర్లే నాయనా. చివర్లో అలాగే అయ్యారు," అన్నారు ఆవిడ మామూలుగా. "పెరుగు వేసుకో."

ప్రసాద్ పెరుగు వేసుకున్నాడు. అందరూ చివరికి నా బొమ్మ దగ్గర చేరి ఊపిరి పీల్చుకున్నారు. "ఇదొక్కటీ మనిషిలా ఉంది," అని ఎవరో అంటే, "ఆ క్రెడిట్ మూర్తిదే," అన్నారు వైదేహి గారు, నా వైపు చూడకుండా.

నేను కాలిఫోర్నియాకి మారేముందు ఇంకొకటి జరిగింది. ఇది రహస్యం, అయినా చెప్పేస్తాను. అక్కడి తెలుగు సంఘంవాళ్ళు తమ సావనీర్ సంచికలో వేయడానికి ఆవిడ ఫొటో అడిగారు. గరాజ్‌లో నేను తీసిందే ఒకటి ఉంది, నన్నేదో తిడుతుంటే తీసింది. ముక్కు మీద పచ్చరంగు, నోరు సగం తెరిచి, గడ్డం కింద ఇంకో గడ్డం. ఆవిడ నా గదికి మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "ఆ రెండో గడ్డం తీసెయ్యవయ్యా," అన్నారు. "నోరు కూడా కాస్త..."

"నిజమే గీయాలన్నారు కదండీ?"

"నిజం కాన్వాస్ మీద. సావనీర్‌లో కాదు. ఎవరికైనా చెప్పావంటే ఇల్లు ఖాళీ చేయిస్తాను."

తీసేశాను. పదేళ్ళు తగ్గారు. అద్దంలో చూసుకున్నట్టు చూసుకుని సిగ్గుపడ్డారు కూడా.

తర్వాత ఇండియా వెళ్ళినప్పుడల్లా బావ ఇంట్లో అక్క పటం కింద కూర్చుని కాఫీ తాగాను. అందరూ ఆ మొహం చూస్తారు, నేను మామిడిపిందెలు చూస్తాను. పక్కపక్కనే రెండు, ఒకే వంపు, ఒకే జరీ పోగు. ఆ రెండింటి కింద నా చెయ్యి ఉందని నాకొక్కడికే తెలుసు. ఒక్కోసారి కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి చల్లబడేది. ఏడుపు మాత్రం రాలేదు. అదేదో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చని వాయిదా వేసిన పనిలా ఉండేది. వాయిదాలు వేయడంలో ఈ దేశం మనిషికి మంచి తర్ఫీదు ఇస్తుంది.

పెట్టె వచ్చిన మూడో రోజు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను. పెట్టె విప్పి బొమ్మని కిటికీ వెలుతురులోకి తిప్పాను. నేను దిద్దిన పెదవులు లేవు. నాచురంగు పూత ఎండిన చెరువులా బీటలు వారి, పెచ్చులు లేచి, చాలాచోట్ల రాలిపోయింది. ఆ పగుళ్ళలోంచి లోపలి ఎరుపు బయటికొచ్చింది. నోరు తెరుచుకుంది. అప్పట్లో రెండు క్షణాలకి మించి చూడలేకపోయిన దాంట్లోకి ఈసారి చూశాను. ఎరుపుకీ నలుపుకీ మధ్య, గడ్డకట్టిన తెల్లరంగుతో, ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. నా పళ్ళు వంకర కావు. ఆవిడ నా నోట్లో మా అక్కని గీశారు. నేను దాని మీద ముచ్చటగా మూడు పూతలు వేశాను, రెండోసారి దాని నోరు మూస్తూ.

వెనక్కి తిప్పితే చెక్కఫ్రేము మీద నల్ల పెన్సిల్‌తో, డాక్టర్ల చేతిరాతలో, తెలుగులో ఉంది: "ఇస్త్రీ డాక్టరు. నోరు అతనే మూసుకున్నాడు. నేను ముట్టుకోను. కింద నూనె రంగు ఇంకా ఆరలేదు, పైన టర్పెంటైన్ నీళ్ళు. పగులుతుంది. ఆగుదాం."

సొరకాయ పట్టుకుని ఆవిడ నవ్విన నవ్వు అది. పైపూత తొందరగా ఆరి బిగుసుకుంటుందని, కింద మందపాటి రంగు ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఆరుతూ కదులుతుందని ఆవిడకి ఆ రోజే తెలుసు. నాకు చెప్పలేదు. ఎంతసేపు కింద కూర్చున్నానో తెలియదు. మా ఆవిడ వచ్చి, నా మొహం చూసి, "ఏమైందండీ?" అంది. "టర్పెంటైన్ ఘాటు," అన్నాను. అన్నేళ్ళ కిందటి రంగుకి టర్పెంటైన్ వాసన ఉండదని తనకి తెలుసు. అయినా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేసింది.

అసలు ఫొటోని నేనెప్పుడూ పారేయను, అది మేనమామ నేర్పిన పద్ధతి. మర్నాడు పాత డిస్క్ వెతికి అక్క ఫొటో తీశాను. ఏమీ ముట్టుకోలేదు. పన్ను, నవ్వు, భుజం మీద చెయ్యి, అన్నీ ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి బావకి ముందు ఫోన్‌లో పంపాను. చాలాసేపటికి చేశాడు. "పళ్ళు కనిపిస్తున్నాయిరా," అన్నాడు. "ఆ రోజు నువ్వేదో అన్నావు, అది భోజనాల దగ్గర కూడా ఆపకుండా నవ్వింది. ఏమన్నావురా?" "గుర్తులేదు బావా." "సరేలే. పంపు. ఆ పాతది తీసేస్తాను," అన్నాడు.

అంతలో లలిత ఈమెయిల్ వచ్చింది. శాన్ రామన్‌లో అమ్మ కోసం అందర్నీ పిలుస్తున్నాం, పటం మీరే చేయాలి, ఇదే అమ్మకి ఇష్టమైన ఫొటో అని. తెరిచి చూస్తే అదే, సావనీర్ ఫొటో. నున్నటి బుగ్గలు, మూసిన పెదవులు, ఒకే ఒక్క గడ్డం. నా పనితనమే.

నేను అదే డిస్క్‌లోంచి అసలుది తీశాను. రెండడుగుల ఎత్తున, మంచి ఫ్రేము కట్టించి, శనివారం స్వయంగా కార్‌లో తీసుకెళ్ళి నిలబెట్టి, దండ వేశాను. ముక్కు మీద పచ్చరంగు, తిట్టడానికి సగం తెరిచిన నోరు. లలిత చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఓ మై గాడ్. అమ్మ ఇలాగే ఉండేది. ఎగ్జాక్ట్‌లీ ఇలాగే. మిమ్మల్ని తిడుతోందా?"

"అవునమ్మా," అన్నాను. "ఇప్పుడు ఇంకా ఎక్కువ తిడుతుంటారు."

దండ జారి ఫొటోలో మెడ మీద పడి రెండో గడ్డం కప్పేసింది. ఎవరూ చూడకుండా దాన్ని పక్కలకి లాగి, గడ్డం పూర్తిగా కనిపించేలా సర్ది, రెండు గుండుసూదులు గుచ్చాను.